ఇంగ్లీష్‌కూ సంధులున్నాయి, ఆ సంగతి పిల్లలకు చెప్పరేం?

కావలి దగ్గర ఒక డిగ్రీ కాలేజీ. కమ్యూనికేషన్ స్కిల్స్ వైవా జరుగుతోంది. కలిగిరి వైపు నుంచి రోజూ బస్సులో వచ్చే అమ్మాయి ఎదురుగా కూర్చుని సెల్ఫ్ ఇంట్రడక్షన్ గడగడా అప్పజెప్పింది. పేరు, ఊరు, నాన్న వ్యవసాయం, హాబీలు, చివర్లో స్ట్రెంగ్త్, వీక్‌నెస్. ఎక్కడా తడుముకోలేదు. మాట కలుపుదామని ‘హౌ డిడ్ యూ కమ్ హియర్ టుడే?’ అన్నాను. అంతే, నోరు మూతపడింది. అదే ప్రశ్న కాగితం మీద రాసి చూపిస్తే నవ్వేసి ‘బై బస్ సార్’ అంది.

ఆ ఆరు మాటలూ ఆ పిల్లకు హైస్కూలు నాటి నుంచీ తెలుసు. తెలియందల్లా నా నోటి నుంచి అవి ‘హౌడిజ్యు కమియర్ టుడే’ అయి బయటికొస్తాయన్న సంగతి.

మన కాలేజీల్లో ఎవరిని అడిగినా ‘మా పిల్లలకు ఇంగ్లీష్ మాట్లాడ్డం రాదండీ’ అనే అంటారు. అందుకని జస్ట్ ఎ మినిట్లు, గ్రూప్ డిస్కషన్లు, రోల్ ప్లేలు పెడతారు. పెట్టడం తప్పు కాదు. కానీ అవతలివాడు ఏమన్నాడో అందని పిల్లవాడు ఏం మాట్లాడతాడు? బట్టీ పట్టింది చెబుతాడు, లేదా తల దించుకుంటాడు. మనం నోటికి వైద్యం చేస్తున్నాం, జబ్బు చెవిలో ఉంది.

రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీష్ మీడియం అయింది. విక్రమ సింహపురి యూనివర్సిటీ కింది కాలేజీలైనా, ఒంగోలు ఆంధ్రకేసరి యూనివర్సిటీ కిందివైనా అంతే. మరి చెవికి మేత దొరకాలి కదా! క్లాసులోకి వెళ్లి చూడండి. లెక్చరర్ పాఠం తెలుగులో చెబుతాడు, నోట్సు ఇంగ్లీష్‌లో రాయిస్తాడు. కనిగిరి నుంచో ఉదయగిరి నుంచో తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకు అర్థం కావాలంటే ఆయనకు వేరే దారి లేదు. నేనూ అదే చేశాను. ఫలితంగా మూడేళ్లు ఇంగ్లీష్ మీడియంలో చదివిన పిల్లవాడు చూసే ఇంగ్లీష్, రాసే ఇంగ్లీష్ బోలెడు. వినే ఇంగ్లీష్ వారానికి ఒక లాంగ్వేజ్ ల్యాబ్ (ఇంగ్లీష్ వినిపించి, పలికించే గది) పీరియడ్, అదీ కరెంటుండి, హెడ్‌ఫోన్లు పనిచేస్తే.

ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబులో ముందుగా ఇంగ్లీష్‌లోని నలభై నాలుగు ధ్వనుల పట్టిక పెడతారు. ఒక్కో ధ్వనినీ విడదీసి పలికిస్తారు. మనుషులు ధ్వనులు విడదీసి మాట్లాడరు కదా. నెల్లూరులో ‘యాడికి బోతండావబ్బా’ అంటే మనకది ఒకే ఊపులో అందుతుంది. పుస్తకంలో తెలుగు నేర్చుకుని వచ్చినవాడికి ‘ఎక్కడికి పోతున్నావు’ తప్ప ఏమీ తెలియదు గనక బిక్కమొహం వేస్తాడు. ఇంగ్లీష్ ముందు మన పిల్లల పరిస్థితి సరిగ్గా అదే.

ఇక్కడే మన చేతిలో ఉన్న సాధనం ఒకటి వాడకుండా పడేశాం. హైస్కూల్లో ప్రతి తెలుగు పిల్లవాడూ సంధులు చదువుతాడు. ‘రాముడు + అతడు = రాముడతడు’ నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. పక్క పీరియడ్‌లో ఇంగ్లీష్ టీచరు ‘పిక్ ఇట్ అప్’ మూడు మాటలుగా చదివిస్తాడు. అది నోట్లో ‘పికిటప్’ అవుతుందనీ, ఇదీ ఒక సంధేననీ ఎవరూ చెప్పరు. ‘నాట్ ఎట్ ఆల్’ని మనమే ‘నాటెటాల్’ అంటున్నాం, గమనించం. ‘డిడ్ యూ’ ‘డిజ్యు’ కావడం కూడా వింతేమీ కాదు. ‘సత్ + జనులు = సజ్జనులు’ అయిన శ్చుత్వ సంధి దాదాపు ఆ దారే, తవర్గం చవర్గంగా మారడం. తేడా అల్లా తెలుగులో సంధి జరిగితే రాతలోనూ కలుస్తుంది, ఇంగ్లీష్‌లో రాత అలాగే ఉండి చప్పుడు మాత్రం మారుతుంది. ఈ ఒక్క మాట బోర్డు మీద రాసి చెబితే పిల్లల మొహాలు విప్పారడం నేను చూశాను.

ఇంకో చిక్కుంది. తెలుగు అజంత భాష. బస్సు, రోడ్డు, టికెట్టు అని ఏ మాటనైనా అచ్చుతో ముగిస్తే తప్ప మన చెవికి తృప్తి ఉండదు. ఇంగ్లీష్‌లో మాట హల్లుతో ఆగి, పక్క మాట మీదికి వాలిపోతుంది. ఎక్కడ తెగిందో మనకు తెలియదు. దానికి తోడు అన్ని అక్షరాలకూ సమానంగా బరువిచ్చే అలవాటు మనది. మనం ‘కంఫర్టేబుల్’ కోసం ఎదురుచూస్తుంటే అవతలివాడు ‘కంఫ్టబుల్’ అని వెళ్లిపోతాడు.

యాస పోగొడతామని ఫీజులు గుంజే ట్రైనర్లంటే నాకు గౌరవం లేదు. నెల్లూరు యాసలో ఇంగ్లీష్ మాట్లాడితే కొంప మునగదు. చెన్నై కంపెనీ నుంచి ఫోన్ ఇంటర్వ్యూ వస్తే మునిగేది ప్రశ్న అందకపోవడం వల్ల. ఫోన్‌లో అవతలివాడి పెదాలు కూడా కనిపించవు. విదేశాలకు వెళ్లేవారు రాసే ఐఈఎల్‌టీఎస్‌లో వినడానికీ మాట్లాడడానికీ చదవడం, రాయడంతో సమానంగా విలువుంది. వినే పరీక్షలో 40 ప్రశ్నలు, రికార్డింగు ఒక్కసారే వినిపిస్తారు. మన సెమిస్టర్‌లో సింహభాగం రాతపరీక్షదే. ల్యాబ్ మార్కులేమో రికార్డు బుక్కుకు పోతాయి. మాట్లాడే ల్యాబుకు రాసే రికార్డేమిటో నాకిప్పటికీ అంతుబట్టదు.

వినిపించడానికి లండన్ కేసెట్లే అక్కర్లేదు. శ్రీహరికోటలో రాకెట్ వెళ్లే రోజు సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు జనం మిద్దెలెక్కుతారు. ఆ లైవ్‌లో వచ్చే ఇంగ్లీష్ మన దేశపు గొంతు. నిదానంగా, అవే మాటలు మళ్లీమళ్లీ వచ్చేలా ఉంటుంది. ఒక నిమిషం ముక్క తీసి మూడుసార్లు వినిపించండి. మొదట విషయం చెప్పించండి, తర్వాత ఖాళీలు పూరింపించండి, మూడోసారి సంధులు విడదీయించండి. నేను చేసిన క్లాసుల్లో నవ్వులూ, గోలా ఉండేవి. ప్రిన్సిపాల్ ఒకసారి తొంగిచూసి వెళ్లారు కూడా.

మొన్నటి వైవాలో ఒక అబ్బాయి నా ప్రశ్న సగంలో ఆపి, ‘సారీ సార్, కెన్ యూ సే ఇట్ అగైన్?’ అన్నాడు. అందలేదని గుర్తించి, మర్యాదగా మళ్లీ అడిగాడు. ముచ్చటేసి రెండు మార్కులు ఎక్కువ వేశాను. పక్కనున్న ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ షీటు తన వైపు లాక్కుని, ‘ప్రశ్నే అర్థం కాలేదు కదండీ వాడికి’ అంటూ ఆ రెండూ కొట్టేశారు.