కువైట్ బతాకా గారికి, కడప నుంచి

మహారాజశ్రీ బతాకా, అంటే కువైట్ గుర్తింపు కార్డు గారికి, మాజీ ఇంటి డ్రైవరు రాసుకునే విన్నపం. ఇక్కడ మేం క్షేమం. తమరి గడువు తీరి మూడేండ్లయింది కాబట్టి తమరి క్షేమం అడగను.

పద్దెనిమిదేండ్లు తమరిని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. పాస్‌పోర్టు మటుకు బాబా, అంటే మా యజమాని, బీరువాలో ఉండేది. యజమాని దాన్ని దగ్గర పెట్టుకోకూడదని 2015లో చట్టం వచ్చింది గానీ, ఆ సంగతి బీరువాకు ఎవరూ చెప్పలేదు.

తమరి మీద ఉన్న చిరునామా కూడా బాబాదే. బ్లాకు, వీధి, ఇంటి నంబరు అన్నీ. నేను పడుకునేది కారు షెడ్డు పక్క గదిలో. ముందర దివానియా, మగవాళ్ళు పొద్దుపోయేదాకా కబుర్లాడే సావిడి. అందులో ఎన్ని వేల టీ గ్లాసులు పెట్టానో లెక్కలేదు, కూర్చున్నది మాత్రం సున్నా. ఊరేదంటే కడప అన్నాను. అరబ్బీలో ‘ప’ లేదు కదా, ‘కడబ’ అయింది. పోనీలెండి, ఇంగ్లీషువాడు పెట్టిపోయిన ‘కుడ్డపా’నే మేం 2005 దాకా మోశాం.

ఏటా రెన్యువల్ ముందర నెల రోజులు టెన్షన్. బాబా సంతకం పెడితే మనిషిని, పెట్టకపోతే పరారీ కేసు. అప్పట్లో ఆరు నెలలు దాటి ఊళ్ళో ఉంటే ఆకామా, అంటే అక్కడ ఉండే పర్మిట్టు, చెల్లేది కాదు. అందుకే మా నాయన మంచాన పడినప్పుడు అయిదు నెలలా ఇరవై రోజులు ఉండి విమానమెక్కాను. ఆయన ఆ తర్వాతి వారం పోయినాడు. తమరి తప్పేం లేదు, నాయనే కాస్త తొందరపడాల్సింది.

ఆ దేశంలో ముగ్గురిలో ఇద్దరు పరాయి దేశాలవాళ్ళే. శుక్రవారం ఫర్వానియాలో నిలబడితే రాయచోటి, రాజంపేట మాటలే వినపడతాయి. అయినా అందరం అతిథులమే, ఏటా ఫీజు కట్టే అతిథులం. పెండ్లాం పిల్లల్ని తెచ్చుకుందామంటే నాది ఇరవై నంబరు వీసా, ఇంటి పనోళ్ళది. దానికి సంసారం పడదు.

తిరిగొచ్చాక ఒక ఆఫీసుకు కాగితం కోసం పోయినా. ‘ఇన్నేండ్లు యాడుంటివి, ప్రూఫ్ ఏముంది?’ అన్నారు. తమరిని చూపించాను. ఆయమ్మ అటూ ఇటూ తిప్పి, ‘ఇది ఉర్దూనా?’ అంది.

ప్రస్తుతం తమరు మా బాత్రూం పక్కన మేకుకు వేలాడుతున్నారు. లోపల గడియ పడిపోయినప్పుడల్లా మా ఆడామె తమరినే సందులో దూర్చి తలుపు తీస్తుంది. అక్షరాలు కొంచెం అరిగాయి. తలుపు మాత్రం ఒక్క దెబ్బకే వస్తోంది.

ఇట్లు,
తమరి 12 అంకెల నంబరు