తల్లికో గడియ, తలుపుకో గడియ

ప్రసూతి సెలవు అయిపోయి డ్యూటీలో చేరిన తల్లికి మొదటి రోజు ఎలా గడుస్తుందో చాలామంది మేనేజర్లకు తెలియదు. పొద్దున ఏడున్నరకు బిడ్డకు పాలిచ్చి బస్సెక్కి ఉంటుంది. పదకొండయ్యేసరికి రొమ్ములు బరువెక్కుతాయి. పన్నెండున్నరకు రాళ్లలా గట్టిపడతాయి. పక్క టేబుల్ దగ్గర ఎవరి ఫోన్లోనో పసిబిడ్డ ఏడుపు వినిపించిందంటే చాలు, చేపు వచ్చి జాకెట్ తడిసిపోతుంది. ఆమె బ్యాగులో పంపు ఉంది. దాన్ని బయటికి తీసే చోటే లేదు.

ఇది నేను పడిన కష్టం కూడా. 2014లో కడపలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. అప్పటికి చట్టం ఇచ్చే సెలవు 12 వారాలే. మా పాపకు మూడో నెల నడుస్తుండగా తిరిగి క్లాసులకు వెళ్లాను. స్టాఫ్ టాయిలెట్ తలుపుకు గడియ ఊడిపోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. బకెట్ అడ్డం పెట్టి, కాలితో తలుపు తోసిపట్టుకుని, చేత్తో పాలు పిండి వాష్ బేసిన్‌లో పోసేదాన్ని. అదే సమయానికి ఇంట్లో మా అత్త పాపకు డబ్బా పాలు కలుపుతూ ఉండేది. ఒకటిన్నర నెల అలా గడిచాక నాకు పాలు తగ్గిపోయాయి. "నీకు పాలు సరిగా పడలేదమ్మా" అన్నారు అందరూ. నేనూ అదే నిజమనుకుని చాలా రోజులు బాధపడ్డాను.

తెలుగులో గడియ అంటే తలుపుకు వేసేది. మన పాత లెక్కలో గడియ అంటే 24 నిమిషాలు కూడా. ఉద్యోగం చేసే తల్లి బిడ్డ కోసం పాలు తీసి పెట్టడానికి కావలసినవి ఈ రెండే. ఈ రెండూ మన ఆఫీసుల్లో, షోరూముల్లో, ఫ్యాక్టరీల్లో, స్కూళ్లలో దొరకడం లేదు.

చట్టం గురించి ఎక్కువగా చెప్పనక్కర్లేదు, పత్రికలు చదివేవారికి తెలిసినదే. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు సెలవు 26 వారాలైంది. 50 మంది, అంతకుమించి పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు అక్కడికి వెళ్లి రావచ్చు. బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇవ్వాలని 1961 చట్టంలోనే ఉంది. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రత కోడ్ వచ్చినా ఆ రెండు విరామాలు అలాగే ఉన్నాయి.

నా అభ్యంతరం ఇక్కడే మొదలవుతుంది. ఈ విరామాలు రాసినవాళ్ల ఊహలో బిడ్డ తల్లికి దగ్గర్లోనే ఉంది. మిల్లు పక్కనే కార్మికుల కాలనీ ఉంటుంది, ఎవరో బిడ్డను ఎత్తుకొస్తారు, తల్లి పావుగంట పాలిచ్చి మళ్లీ మిషను దగ్గరికి వెళ్తుంది. ఈరోజు అనంతపురంలో ఉద్యోగం చేసే అమ్మాయి బిడ్డను కళ్యాణదుర్గంలోనో ఉరవకొండలోనో తన తల్లి దగ్గర వదిలి వస్తోంది. కర్నూలు షోరూములో నిలబడే అమ్మాయి బిడ్డ కోడుమూరులో ఉంటుంది. విరామం కావాలని అడిగితే "బిడ్డ ఇక్కడ లేదు కదమ్మా, నీకెందుకు బ్రేక్?" అంటారు. చట్టంలో పాలివ్వడం అనే మాట ఉంది, పాలు తీసి దాచిపెట్టడం అనే మాట లేదు. ఈ సందులోంచే యజమానులు తప్పించుకుంటున్నారు. బిడ్డ దగ్గర లేని తల్లికే ఆ విరామం ఎక్కువ అవసరం.

ఎందుకంటే పాలు కుండలో నింపిపెట్టిన నీళ్ల లాంటివి కావు, సాయంత్రం వెళ్లి ఒకేసారి తోడుకోవడానికి. రొమ్ము ఖాళీ అయ్యేకొద్దీ పాలు ఊరతాయి. నిండి ఆగిపోతే, ఇక చాలు అని ఒళ్లే ఉత్పత్తి తగ్గించుకుంటుంది. దాదాపు మూడు గంటలకోసారి బిడ్డ తాగాలి, లేదా చేత్తోనో పంపుతోనో తీయాలి. రోజుకు రెండుసార్లు ఆ పని తప్పితే కొన్ని వారాల్లోనే పాలు తగ్గిపోతాయి. మధ్యలో పాలు గడ్డకట్టి, రొమ్ము వాచి, చలిజ్వరం వచ్చి సెలవు పెట్టాల్సి వస్తుంది. ఆ సెలవుకు జీతం కోస్తారు. అప్పుడు ఇంట్లోవాళ్లు, చుట్టాలు, ఆఖరికి ఆమె కూడా అనుకునేది ఒక్కటే, పాలు పడలేదు అని. ఆమెకు పాలు పడ్డాయి. తీసుకోవడానికి పని చోటు వీలివ్వలేదు. ఎంతోమంది తల్లులు తమ ఒంటి లోపమనుకుని మోస్తున్న నింద నిజానికి టైమ్‌టేబుల్‌ది. ఈ మాట నాకు 2014లో ఒక్కరు చెప్పి ఉంటే నేను అంతగా ఏడ్చి ఉండేదాన్ని కాదు.

అందుకే పంపు కొనుక్కోండి, సమస్య తీరిపోతుంది అన్నట్టు మాట్లాడేవాళ్లతో నాకు పేచీ. చేత్తో నొక్కే పంపు ధర ఇప్పుడు చాలామందికి అందుబాటులోనే ఉంది. పంపు వచ్చాక జరిగింది ఏమిటంటే బాధ్యత మొత్తం ఆమె బ్యాగులోకి చేరింది. దాన్ని కడగాలి, మరిగించాలి, ఆరబెట్టాలి, మోయాలి, దాచాలి. ఆ పైన మన ఎండ ఒకటి. మామూలు గది వేడిలో, అంటే 25 డిగ్రీల దగ్గర, తీసిన పాలు నాలుగు గంటల వరకే బయట ఉంచాలని వైద్యులు చెబుతారు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, అనంతపురం, కడపల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, ఫ్యాను కింద కూడా గది 35 దగ్గర ఉంటుంది. అలాంటి చోట ఆ నాలుగు గంటల లెక్క పట్టుకుని కూర్చోవడం ప్రమాదం. తీసిన వెంటనే ఫ్రిజ్‌లోనో ఐస్ ప్యాకులున్న డబ్బాలోనో పెట్టాలి. ఫ్రిజ్‌లో అయితే నాలుగు రోజుల దాకా ఉంటాయి. చల్లటి కూల్‌డ్రింకుల కోసం ఆఫీసులో ఫ్రిజ్ ఉంటుంది. అందులో పాలసీసా పెట్టిన అమ్మాయిని చూసి ముఖం చిట్లించే సహోద్యోగులూ ఉంటారు.

ఇంట్లో కూడా ఒక మాట తెలియాలి. బిడ్డను చూసుకునే జేజి ప్రేమతోనే ఆ పాలను బర్రె పాలలా స్టవ్ మీద పెట్టి పొంగనిస్తుంది. అలా కాచకూడదు. గోరువెచ్చని నీళ్ల గిన్నెలో సీసా ఉంచి చల్లదనం పోగొడితే చాలు. పైన మీగడ తేలితే పాలు చెడిపోయినట్టు కాదు, మెల్లగా తిప్పితే కలిసిపోతుంది. బిడ్డ సీసా పట్టకపోతే గాభరా పడాల్సిన పని కూడా లేదు. మన ఇళ్లలో ఉగ్గుగిన్నె ఉండేది గుర్తుందా? నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు ఆసుపత్రుల్లో నర్సులు ఈరోజుకీ అలాంటి ముక్కు ఉన్న చిన్న గిన్నెతోనే తల్లిపాలు పడుతున్నారు. కడగడం సులువు, సీసా రబ్బరు పీక అలవాటు కాదు, సాయంత్రం తల్లి వచ్చాక బిడ్డ మళ్లీ రొమ్ము పట్టుకుంటుంది. సీసా తప్పని నేను అనను. సీసాతో పాటు ఉగ్గుగిన్నె కూడా ఉందని ఎవరూ చెప్పకపోవడమే నాకు బాధ.

చిన్న యజమానుల మాట కూడా వినాలి. 26 వారాల జీతం ఒక్క యజమాని నెత్తిన వేస్తే పెళ్లయిన ఆడపిల్లలను ఉద్యోగంలోకి తీసుకోవడమే మానేస్తారని వాళ్లంటారు. ఆ భయంలో కొంత నిజం ఉంది, ఆ ఖర్చును ప్రభుత్వం పంచుకోవాలి. అయితే నెలకు 21,000 లోపు జీతంతో ఈఎస్‌ఐ అనే ఉద్యోగుల బీమా పథకంలో ఉన్నవారికి ఆ సెలవు డబ్బు ఇచ్చేది ఈఎస్‌ఐ, యజమాని కాదు. నేను అడుగుతున్నది సెలవు గురించి కాదు. ఆరడుగుల గది, కుర్చీ, ప్లగ్ పాయింటు, చేతులు కడుక్కోవడానికి కొళాయి, చిన్న ఫ్రిజ్, లోపలి నుంచి వేసుకునే గడియ. వీటి వల్ల ఏ వ్యాపారం మునుగుతుంది? డబ్బా పాలకు మారిన తల్లి లెక్క కూడా చూడండి. 400 గ్రాముల డబ్బా మూడు నెలల బిడ్డకు మూడు నాలుగు రోజులే వస్తుంది. పది వేల జీతంలో ఆ ఖర్చు ఎంత భాగమో ఆమెకు తెలుసు. ఫ్లోరైడ్ నీళ్లున్న మన పల్లెల్లో ఆ పొడి కలిపే నీళ్ల సంగతి వేరే చెప్పాలా?

ఫిలిప్పీన్స్ మనకంటే పెద్ద ధనిక దేశమేమీ కాదు. అక్కడ 2010లో తెచ్చిన చట్టం ప్రకారం ఎనిమిది గంటల పనిలో కనీసం 40 నిమిషాలు పాలివ్వడానికి లేదా తీసుకోవడానికి జీతంతో ఇవ్వాలి. దానికి కేటాయించిన చోటు టాయిలెట్‌లో ఉండకూడదని కూడా రాశారు. అమెరికా కూడా పాలు తీసుకోవడానికి విరామం, టాయిలెట్ కాని చోటు ఇవ్వాలని 2010లో చట్టంలో పెట్టి, 2022లో దాన్ని మరింతమందికి విస్తరించింది. మన విరామాల నిబంధనలో "పాలు తీసుకోవడం కూడా" అనే మూడు మాటలు చేర్చడానికి కేంద్రానికి ఎంత కాలం కావాలి? బహిరంగ ప్రదేశాల్లో పాలిచ్చే గదుల గురించి సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో రాష్ట్రాలకు గట్టిగానే చెప్పింది. బస్టాండ్ల గురించి అంత స్పష్టంగా మాట్లాడగలిగినప్పుడు, రోజుకు తొమ్మిది గంటలు గడిపే ఆఫీసు గురించి ఎందుకు మాట్లాడలేం?

తొమ్మిది గంటలు అన్నాను, పాత అలవాటు. మన రాష్ట్రం 2025లో రోజు పని పరిమితిని 10 గంటలకు పెంచింది. విశ్రాంతి ఇవ్వకుండా వరుసగా చేయించగలిగే సమయం ఐదు గంటల నుంచి ఆరు గంటలైంది. ఆడవాళ్లు రాత్రి షిఫ్టుల్లో చేయడానికీ దారి తెరిచారు. పెట్టుబడులు రావాలి, కాదనను. మూడు గంటలకోసారి పాలు తీయాల్సిన ఒంటికి ఆరు గంటల లెక్క ఎలా సరిపోతుందని ఆ చర్చలో ఎవరు అడిగారు? ఇదే రాష్ట్రంలో 2024 నవంబరులో స్థానిక ఎన్నికలకు ఇద్దరు పిల్లల నిబంధన తీసేశారు. ఎక్కువమంది పిల్లల్ని కనండి అని ముఖ్యమంత్రే పిలుపునిస్తున్నారు. ప్రభుత్వ ఉద్యోగినులకు ఎంతమంది పిల్లలున్నా ప్రసూతి సెలవు ఇస్తామన్నారు, మంచిదే. మరి కన్న బిడ్డకు ఏడో నెలలో ఏం తాగించాలి?

అసలు మన పని చోట్లు కట్టినప్పుడు ఆడమనిషికి ఒక ఒళ్లు ఉంటుందనే ఆలోచన ఉన్నట్టు నాకు ఎప్పుడూ అనిపించలేదు. బట్టల షాపుల్లో అమ్మాయిలు రోజంతా నిలబడే ఉంటారు. కూర్చునే హక్కు కోసం కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం తెచ్చాయి, మనం తేలేదు. టాయిలెట్ దూరమనో, దానికి గడియ లేదనో పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా ఉండే టీచర్లు నాకు పదుల సంఖ్యలో తెలుసు. మూత్రంలో మంటకు మాత్రలు వేసుకుంటూ పాఠం చెబుతారు. పాలిచ్చే తల్లికి దాహం ఎక్కువ ఉంటుంది. ఆమె కూడా ఆ నీళ్ల సీసా మూత తీయదు.

శెనక్కాయ చేలో కలుపు తీసే కూలి తల్లి చెట్టుకు చీర ఉయ్యాల కట్టి, బిడ్డ ఏడిస్తే వెళ్లి పాలిచ్చి వచ్చేది. ఆ బతుకు గొప్పదని అనడం లేదు, ఎండలో బిడ్డతో పడే యాతన మా ఊళ్లో కళ్లారా చూశాను. ఉపాధి హామీ చట్టం రాసినప్పుడు మాత్రం పని దగ్గర ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు ఉంటే వాళ్లను చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టి కూలి ఇవ్వాలని రాశారు. మట్టి పనిలో గుర్తొచ్చిన బిడ్డ ఏసీ గదుల్లో గుర్తు రాలేదు.

ముందు ప్రభుత్వం తన ఇంటి నుంచి మొదలుపెట్టాలి. కర్నూలు, అనంతపురం, కడప కలెక్టరేట్లలో, జిల్లా పరిషత్తుల్లో, మండల ఆఫీసుల్లో పసిబిడ్డల తల్లులు ఎంతోమంది పనిచేస్తున్నారు. పాత ఫైళ్లు, విరిగిన కుర్చీలు పడేసిన గది ప్రతి ఆఫీసులో ఒకటి ఉంటుంది. దాన్ని ఖాళీ చేయించడానికి జీవో కూడా అక్కర్లేదు, కలెక్టర్ ఒక్క మెమో ఇస్తే సరిపోతుంది. ఆ తర్వాత కార్మిక శాఖ తనిఖీకి వెళ్లినప్పుడు శిశు సంరక్షణ గది ఉందా అనే గడిలో టిక్కు పెట్టి రాకుండా ఆ గది తలుపు తీసి చూడాలి. తలుపు మూసి లోపలి నుంచి గడియ పడుతుందో లేదో కూడా చూడాలి. ఆగస్టు 1 నుంచి 7 వరకు తల్లిపాల వారోత్సవాల్లో ఆ గోడలకే ఎలాగూ పోస్టర్లు అంటిస్తారు. ఆ లోపు ఆ గది సిద్ధం కావాలి.