వెండి మీది రంగుల మకిలి గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ మకిలి గారి దివ్య సముఖానికి, నెల్లూరు నుంచి ఒక పాత నాణేల పిచ్చివాడు చేసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, కనిపిస్తూనే ఉంది. మొన్న ఒక వేలంపాట కేటలాగులో మిమ్మల్ని చూశాను. రోమన్ చక్రవర్తి టైబీరియస్ వెండి నాణెం మీద ఉన్నారు. ఆయన చెవి వెనక లేత బంగారు రంగు, మెడ దగ్గర గులాబీ, అంచు చుట్టూ ముదురు నీలం పూసుకుని దర్జాగా కూర్చున్నారు. కింది వరసలో ఇంకో నాణెం. అదే టైబీరియస్, అవే అక్షరాలు, అచ్చు ఇంకాస్త స్పష్టంగా పడింది కూడా. కాకపోతే ఒట్టి తెల్లటి వెండి. మీరున్న నాణెం ధర ఎక్కడో ఆకాశంలో ఉంది. ఆ తెల్ల టైబీరియస్ ముఖంలో కళ లేదని ఎవరో తేల్చేశారు పాపం.

ఒక్క సంగతి అడుగుతాను, కోపం తెచ్చుకోవద్దు. మా ఇళ్లలో మీ హోదా ఏమిటో గుర్తుందా? వరలక్ష్మీ వ్రతం ఇంకో రెండు రోజులుందనగా ఊళ్లో ప్రతి బీరువా అడుగు నుంచీ వెండి సామాను బయటికొస్తుంది. కలశం చెంబు, గంధం గిన్నె, దీపారాధన కుందులు, తాతల నాటి జార్జి రూపాయలు. వాటి మీద మీరు కనిపిస్తే ఆ ఇల్లాలికి తల కొట్టేసినట్టు ఉంటుంది. వెంటనే విభూతి దిగుతుంది, లేకపోతే పళ్లపొడి. కాస్త కెమిస్ట్రీ చదివిన కోడలైతే వేడినీళ్లు, వంటసోడా, అల్యూమినియం రేకు. ఈ మూడోది గీకకుండానే మీలోని గంధకాన్ని లాగేసి వెండిని వెండిగా వదిలేస్తుంది, కాబట్టి ఆ కోడలు మీ పాలిట కాస్త దయగల శత్రువు. ఇంత చేసినా ఎక్కడో ఒక మూల మీరు మిగిలిపోతే, పేరంటానికి వచ్చినావిడ ఊరుకుంటుందా? "ఏంది వదినా, వెండంతా ఇట్టా నల్లబడిపోయింది?" అంటుంది. ఆ మాట మళ్లీ శ్రావణం వచ్చేదాకా ఇంట్లో మోగుతూనే ఉంటుంది.

అదే మీరు, అదే గంధకం, అదే వెండి. కింద బొమ్మ రెండు వేల ఏళ్ల నాటిదైతే మాత్రం మీకు చేతి గ్లవుజులు, మెత్తటి గుడ్డ, ప్రత్యేకమైన లైటు.

మీ పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలియనివి కావు. గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ కాస్త ఉంటే చాలు, అది వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ పొర కడుతుంది. ఆ పొరే తమరు. కేటలాగులో వర్ణించిన రంగుల్లో ఒక్కటీ మీ సొంతం కాదు. పొర పైనుంచి తిరిగొచ్చే వెలుగూ, పొర దాటి లోపలి వెండిని తాకి తిరిగొచ్చే వెలుగూ కలిసినప్పుడు కొన్ని రంగులు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. చావగా మిగిలినవి మా కంట పడతాయి. వానాకాలంలో పెట్రోలు బంకు ముందు నీళ్ల మీద తేలే నూనె తెట్టుది కూడా ఇదే గొడవ. దాన్ని మాత్రం ఎవరూ వేలం వేయలేదు.

మీ మందం వెంట్రుకలో వెయ్యో వంతు అటూ ఇటూగా ఉంటుంది. అది పెరిగేకొద్దీ వేషాలు మారుస్తారు. ముందు ఎండుగడ్డి పసుపు, తర్వాత రాగి ఎరుపు, ఊదా, నీలం. ఇంకా మందం పడితే మళ్లీ పసుపు, గులాబీ, ఆకుపచ్చ. ఆఖరికి ఒట్టి నలుపు. ఆ నలుపు దగ్గరికి వచ్చేసరికి మీ అభిమానులు ఒక్కరూ కనిపించరు. నీలం దగ్గర చప్పట్లు కొట్టినవాళ్లే నలుపు దగ్గర ముక్కు విరుస్తారు. అంటే వాళ్ల ప్రేమ మీ మీద కాదు, ఎదుగుతున్న మీ ఒంటి మీద ఒక దశ మీద. ఈ సంగతి మీకు ఎవరైనా చెప్పారో లేదో!

అసలు ఫిర్యాదు ఇప్పుడు మొదలుపెడతాను. మీరు నాణెం నుంచి దాని వయసు కూడా అరువు తెచ్చుకున్నారు. రెండు వేల ఏళ్లు మట్టిలో పడున్న వెండి ఇలా హోళీ ఆడి బయటికి రాదు. మట్టి, వెండిలో కలిసిన రాగి వల్ల పచ్చటి చిలుము, ఉప్పు నేలైతే సిల్వర్ క్లోరైడు, ఇవన్నీ కలిసి బూడిద రంగు పెంకు కట్టి వస్తుంది. ఎవరో దాన్ని ఏదో ద్రావకంలో నానబెట్టి, ఓపిగ్గా శుభ్రం చేస్తేనే చక్రవర్తి గారి ముక్కు బయటపడేది. ఆ స్నానం అయ్యాక ఏ దొరగారి మహాగనీ చెక్క క్యాబినెట్ అరలోనో, గంధకం కలిసిన కాగితం కవరులోనో దశాబ్దాల పాటు ఎవరూ కదపకుండా ఉంటే, అప్పుడు వచ్చారు మీరు. చాలాసార్లు మీ వయసు నాణెం వయసు కాదు సార్, కవరు వయసు. టైబీరియస్ మిమ్మల్ని ఎరగడు. ఆయన్ని చూసినట్టు మీరు పోజు పెట్టడం, మేము నమ్మి రెట్టింపు ధర కట్టడం, రెండూ బాగానే సాగుతున్నాయి.

నాణెం మీద కాలం నిజంగా రాసిన రాతలు వేరే ఉన్నాయి. విద్ధాంక నాణేలు, అంటే గుర్తులు గుద్దిన మన ప్రాచీన నాణేలు తీసుకోండి. మూడున్నర గ్రాములకు లోపుండే వెండి ముక్కలు, అమరావతిలోనే వేలకొద్దీ దొరికాయి. ఒక వైపు సూర్యుడూ ఇంకో నాలుగు గుర్తులూ ఒక్కొక్కటిగా గుద్ది ఉంటాయి. వెనక్కి తిప్పితే చిన్న చిన్న ముద్రలు. చేతులు మారినప్పుడల్లా షరాబులు పరీక్షించి వేసినవని పండితులు చెప్తారు. ఒక్కో ముద్ర వెనక ఒక దుకాణం, ఒక బేరం, ఒక అనుమానం. వాటిని చదవడానికి భూతద్దం, ఓపిక కావాలి. మిమ్మల్ని చూడడానికి కళ్లుంటే చాలు, అందుకే మీకు జనం ఎక్కువ.

1906లో నాసిక్ జిల్లా జోగల్‌తంబిలో దొరికిన వెండి కుప్ప సంగతి విన్నారా? 13,250 నాణేలు. అన్నీ క్షహరాత వంశపు రాజు నహపానుడివి. వాటిలో 9,270 నాణేల మీద మన గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు. ఓడిన రాజు ముఖం ఇంకా పూర్తిగా చెరగలేదు, దాని మీదే గెలిచిన రాజు గుర్తు. యుద్ధం ఫలితం అరచేతిలో పట్టుకుని చూడొచ్చు. ఒక ప్రదర్శనలో అలాంటి నాణెం చేతికిస్తే నా పక్కనున్న పెద్దమనిషి "బొమ్మ గజిబిజిగా ఉందండీ" అని పక్కన పెట్టేశారు. పెట్టేసి ఏం తీసుకున్నారనుకున్నారు? మిమ్మల్నే.

మా నెల్లూరు కథ ఇంకా బాగుంటుంది. 1787లో మద్రాసు నుంచి డేవిడ్‌సన్ దొర రాసిన ఉత్తరం ఒకటుంది. నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్ల గుట్ట వారగా దున్నుతుంటే నాగలి ఇటుక కట్టడానికి తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద చిన్న కుండ, కుండలో రోమన్ బంగారు నాణేలు. వాటి మీద చక్రవర్తులు ట్రాజన్, హేడ్రియన్, రాణి ఫాస్టీనా. ఆ రైతు వాటిని పాత బంగారం కింద అమ్ముకున్నాడు. చాలా వరకు కరిగిపోయాయి. నవాబు అమీర్‌-ఉల్‌-ఉమరాకు ముప్పై పైచిలుకు దక్కాయి. (ఇప్పుడైతే 1878 నాటి నిధుల చట్టం కింద, విలువ పది రూపాయలు దాటితే చాలు, ఆ రైతు కలెక్టరు ఆఫీసు మెట్లెక్కాలి. పది రూపాయలకి ఇవాళ మా ట్రంకు రోడ్డు మీద టీ కూడా కష్టమే, చట్టం మాత్రం అలాగే ఉంది.)

ఆ ఉత్తరంలో నాకు బాగా నచ్చిన ముక్క ఇది. కొన్ని నాణేలు నిన్ననే టంకశాల నుంచి వచ్చినంత తాజాగా ఉన్నాయట. కొన్ని అరిగిపోయి, చిల్లులు పడి ఉన్నాయట. చేతికో మెడకో నగగా వేసుకున్నవై ఉంటాయని దొర ఊహించాడు. వెండి జోలికి వచ్చినట్టు బంగారం జోలికి రాలేరు కనుక ఆ కుండలో మీకు పని లేదు. ఇక ఆ చిల్లు సంగతి. సముద్రం దాటి వచ్చిన చక్రవర్తి ముఖానికి మనవాళ్లెవరో చిల్లు వేసి, తాడు గుచ్చి, మెళ్లో వేసుకుని తిరిగారు. ఆవిడో, ఆయనో, ఏ పండక్కి వేసుకున్నారో, అది ఎవరి ముఖమని అనుకున్నారో! అదే చిల్లు ఉన్న నాణెం ఈ రోజు బజారులో పెట్టండి, ధర దబ్బున పడిపోతుంది. మనిషి వేసిన చిల్లు లోపమట, కవరు వేసిన నీలం అందమట. ఈ తీర్పు ఏ కోర్టు ఇచ్చిందో గానీ, నేను అప్పీలుకి వెళ్తున్నాను.

మిమ్మల్ని సరిగ్గా అంచనా వేసేది మా బంగారు పని ఆచారులే. ఒకసారి నీలం తిరిగిన పాత రూపాయి ఒకటి ఒక ఆచారి దగ్గరికి తీసుకెళ్లాను. "ఏంది సార్, ఇంత మకిలి పట్టించినారు? ఇటియ్యండి, రెండు నిమిషాల్లో మెరుగు పెట్టిస్తా" అన్నాడు. వద్దు, ఆ రంగుకే విలువ అన్నాను. ఆయన కుంపటి మీంచి తలెత్తి నన్ను ఒకసారి, రూపాయిని ఒకసారి చూసి, "అట్నా సార్? అయితే మా ఇంట్లో గిన్నెలు కూడా తీసకపోండి, నీలం, నలుపు రెండూ ఉన్నాయి" అన్నాడు. అమ్మితే ఎంతొస్తుందని అడిగితే తూకం వేసి, తరుగు తీసి చెప్పాడు. అందులో మీ వాటా సున్నా.

ఇక మీ నకిలీల గురించి కూడా చెప్పాలి. డిమాండ్ ఉన్నచోట డూప్లికేట్ పుట్టకుండా ఉంటుందా? ఉడకబెట్టిన కోడిగుడ్డు ముక్కలు చేసి, వెండితో పాటు డబ్బాలో పెట్టి మూత పెడితే మీరు ప్రత్యక్షం. కొందరు గంధకం మందులు వాడతారు, కొందరు వేడి చేస్తారు. ఆ తర్వాత అమ్మేటప్పుడు "సార్, ఒరిజినల్ క్యాబినెట్ రంగు సార్, ముట్టుకుని చూడండి" అంటారు. ముట్టుకుంటే వేలి జిడ్డు కూడా చేరి ఇంకో మచ్చ పడుతుంది, అది వేరే సంగతి. నిదానంగా వచ్చిన రంగులో వరస తప్పదు. పసుపు పక్కన ఎరుపు, ఎరుపు పక్కన ఊదా, దాని పక్కన నీలం, మెల్లగా ఒకదాంట్లోకి ఒకటి జారుతుంది. పసుపు పక్కనే ఉన్నట్టుండి నీలం గడ్డకట్టి, బొమ్మ ఎత్తుపల్లాలతో సంబంధం లేకుండా పూసినట్టుంటే ఎవరో తొందరపడ్డారని అనుమానించాలి. కోడిగుడ్డు టైబీరియస్‌ని కొనే ముందు ఈ మాత్రం చూసుకుంటే టెన్షన్ తగ్గుతుంది.

మా జిల్లా వాళ్లు ఈ వ్యాపారంలోకి ఇంకా దిగలేదని నాకు ఆశ్చర్యం. విడవలూరు, అల్లూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులు చూడండి. అడుగున మిగిలిన మేత కుళ్లి నల్లమట్టి పేరుకుంటే అందులోంచి వచ్చేది మీ కన్నతండ్రి హైడ్రోజన్ సల్ఫైడే. కుళ్లిన గుడ్డు వాసన తగిలితే రైతుకి నిద్ర పట్టదు, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆపడు, కరెంటు బిల్లు చూసి ఏడుస్తాడు. అదే గాలికి గట్టు మీద షెడ్డులో పాత వెండి ఆరబెట్టుకుంటే రొయ్య రేటు పడిపోయినప్పుడు టైబీరియస్ ఆదుకుంటాడు. వనామీ రొయ్యని కౌంటు (కిలోకి ఎన్ని తూగుతాయో) చూసి కొంటారు, మిమ్మల్ని రంగు చూసి కొంటారు. రెండింటిలోనూ రేటు చెప్పేది రైతు కాదు కాబట్టి అలవాటు పడడం కూడా కష్టం కాదు.

ఇన్ని తిట్టాను కదా, ఇప్పుడు ఉన్నమాట కూడా చెప్తాను. మీరు అందంగా ఉంటారు. నాణెం కాస్త వంచితే నీలం ఊదాలోకి జరుగుతుంది, ఇంకాస్త వంచితే రాజు చెంప మీద పసుపు వెలుగుతుంది. వంచినప్పుడు వెలుగు పొరలో నడిచే దారి మారుతుందని తెలిసినా చెయ్యి మాత్రం వంచుతూనే ఉంటుంది. పైగా మిమ్మల్ని విభూతితో రుద్దితే మీతో పాటు రాజు జుట్టులో సన్నటి గీతలు కూడా పోతాయి, వెండి నిండా గీరలు పడతాయి. అలా తోమించిన తెల్ల నాణెం కంటే మీరే నయం. కాబట్టి మిమ్మల్ని వదిలించమని నేను అడగడం లేదు. ఉండండి, అద్దె మాత్రం అడగకండి. నాణెం ధర నాణేనికి ఇస్తాం. చిల్లు కథకీ, షరాబు గుర్తుకీ, శాతకర్ణి దెబ్బకీ ఒక రూపాయి ఎక్కువ ఇస్తాం. కవరు చేసిన పనికి డబ్బు కావాలంటే కవరు వాళ్లని పంపండి, మాట్లాడుకుందాం.

చివరగా ఒక ఇంటి విషయం. మా కుంకుమ భరిణె మూత లోపలి వైపు మీరు ఈ మధ్య చక్కటి ఊదా రంగులోకి వచ్చారు, చుట్టూ సన్నటి నీలం అంచు కూడా. చూసి మురిసిపోయి, దాన్ని ముట్టుకోవద్దని మా ఆవిడతో చెప్పాను.

"ఎందుకండీ?"

"రంగు బాగుంది."

"రేపు శుక్రవారం" అంది.

వేలంపాటల వాళ్ల దగ్గర మీకు అంత పలుకుబడి ఉంది కదా, ఎవరినైనా ఈ రాత్రిలోపల పంపించుకోండి. విభూతి పొట్లం గూట్లోంచి ఇప్పటికే కిందికి దిగింది.

ఇట్లు,
తూకం ధర మేరకు మీ శ్రేయోభిలాషి,
నెల్లూరు.