చెప్పింది సాయం, చేసింది కోత

2025 నవంబరులో తెలంగాణ పత్తి కొనుగోలు కేంద్రాల దగ్గర ఏం జరిగిందో రైతులకు మేం గుర్తు చేయనక్కర్లేదు. కపాస్ కిసాన్ యాప్‌లో తిప్పలు పడి స్లాట్ సంపాదించి, ట్రాక్టర్‌కు కిరాయి కట్టి, తేమ 12 శాతం దాటిందంటారేమోనని టెన్షన్ పడుతూ జిన్నింగ్ మిల్లు గేటు దాకా వచ్చిన రైతుకు కేంద్ర ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ చెప్పిన మాట ఒక్కటే: ఎకరాకు 7 క్వింటాళ్లే కొంటాం. అంతకుముందు 12 క్వింటాళ్ల దాకా కొన్నది ఇదే సంస్థ. అడిగితే దిగుబడి సగటు లెక్క చూపించారు. ఆ సగటు కంటే బాగా పండించినవాడు మిగతా పత్తిని దళారి అడిగిన ధరకు వదిలించుకోవాలి. పంట లెక్కలు తీసేది రైతును ఆదుకోవడానికని ఏళ్లుగా చెబుతున్నారు. కాంటా దగ్గర రైతును ఆపింది ఆ లెక్కే.

ఇప్పుడు అదే రైతు గురించి ఇంతకు పదింతల సమాచారం పోగవుతోంది. కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరు 2న 2,817 కోట్ల రూపాయలతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌కు ఆమోదం ఇచ్చింది. 11 కోట్ల మంది రైతులకు గుర్తింపు సంఖ్య ఇచ్చి రైతు రిజిస్ట్రీ కట్టడం లక్ష్యం. మన రాష్ట్రంలో ఆ నమోదు 2025 మేలో మొదలైంది. ఆధార్, పట్టా పాస్‌బుక్, సర్వే నంబరు, ఏ గుంటలో ఏ పంట వేశారో చెప్పే ఫొటో, పైనుంచి ఉపగ్రహ చిత్రం, అన్నీ ఒక్క నంబరు కిందికి చేరుతున్నాయి. నేల పాడవకుండా చూడటానికి, నీళ్లు పొదుపు చేయడానికి, పురుగుమందులు తగ్గించడానికి ఇదంతా అవసరమంటున్నారు. ఆ లక్ష్యంతో ఈ పత్రికకు పేచీ లేదు. సలహా ఇస్తామని తీసుకున్న లెక్కను రేపు కొనుగోలు ఆపడానికో, జరిమానా వేయడానికో, పథకం నుంచి పేరు కొట్టేయడానికో వాడబోమని ఎక్కడ రాసి ఉంది? మా ప్రశ్న అది.

లెక్క లేకపోతే దుర్వినియోగం ఆగదన్న వాదన ఉంది, అందులో నిజమూ ఉంది. రాళ్ల గుట్టలకు, ప్లాట్లుగా మారిన భూములకు రైతుబంధు డబ్బు పోయిన మాట అందరికీ తెలుసు. దొంగ లెక్కను పట్టుకోవాల్సిందే. అలాగని నిజం చెప్పిన రైతును ఆ నిజంతోనే కొట్టే హక్కు ఎవరికీ రాదు.

పొలం మీద నిఘాను శిక్షకు వాడితే ఏమవుతుందో పంజాబ్ చూపించింది. భూగర్భ జలాలు కాపాడాలని అక్కడ 2009లో చట్టం చేసి వరి నాట్లు ఆలస్యం చేయించారు. దాంతో వరి కోతకు, గోధుమ విత్తడానికి మధ్య దొరికే రోజులు తగ్గిపోయాయి. కొయ్యకాళ్లు తీయడానికి కూలీ ఖర్చు భరించలేక రైతు నిప్పు పెట్టాడు. ప్రభుత్వం ఉపగ్రహంతో మంటలు లెక్కపెట్టి, ఆ పొలానికి అప్పు పుట్టకుండా, అమ్మకం జరగకుండా భూమి రికార్డుల్లో ఎర్ర గీత గీసింది. 2024 నవంబరులో కేంద్రం జరిమానాలు రెట్టింపు చేసింది. రెండెకరాల లోపు రైతుకు 5,000, ఐదెకరాల దాకా 10,000, ఆపైన 30,000 రూపాయలు. ఈలోగా ఉపగ్రహం మధ్యాహ్నం ఏ వేళకు దాటిపోతుందో రైతులు కనిపెట్టారు. అది పోయాక అంటిస్తున్నారని 2024లో నాసా శాస్త్రవేత్త ఒకరు మరో ఉపగ్రహం చిత్రాలు చూసి చెప్పారు. ఢిల్లీలో పొగ పోలేదు, పంజాబ్ లెక్కలు మాత్రం నమ్మడానికి లేకుండా పోయాయి. భయపడిన రైతు నిజం చెప్పడు. యాసంగి కోతలయ్యాక మన దగ్గరా కొయ్యకాళ్లు తగలబడుతున్నాయి. ఆ దారినే పోదామనుకునేవాళ్లు ఈ ఫలితం చూసుకోవాలి.

మరి పొలం లెక్కతో మేలు జరగదా? జరుగుతుంది, మన నేల మీదే జరిగింది. 2000 తర్వాతి దశాబ్దంలో ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భ జలాలను చూసుకునే ప్రాజెక్టు ఒకటి నడిచింది. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ అండతో నడిచిన ఆ పనిలో మన మహబూబ్‌నగర్, నల్లగొండ కూడా ఉన్నాయి. ఊళ్లో ఎంపిక చేసిన బోర్లలో నీటి మట్టం పదిహేను రోజులకోసారి రైతులే కొలిచారు. రోజూ వాన ఎంత పడిందో రైతులే రాశారు. చదువు పెద్దగా లేని ఆడవాళ్లు, మగవాళ్లు బోరులో టేపు దింపి అంకె చదవడం నేర్చుకున్నారు. ఆ అంకెలు ఊరి మధ్య బోర్డు మీద అందరికీ కనిపించేవి. యాసంగికి ముందు ఊరంతా కూర్చుని, కింద ఇన్ని నీళ్లున్నాయి, వరి ఇంత వేస్తే ఇంత తక్కువ పడుతుంది అని లెక్క కట్టేవాళ్లు. వరి వేయొద్దని ఎవరూ ఆర్డర్ వేయలేదు. మోటారుకు కోత పెట్టలేదు, జరిమానా లేదు. అయినా చాలా ఊళ్లలో నీళ్లు ఎక్కువ తాగే పంటలు తగ్గాయి. 2010లో ప్రపంచ బ్యాంకు కూడా తన నివేదికలో ఈ పనిని మెచ్చుకుంది. అక్కడ లెక్క రైతు చేతిలో ఉంది. తను కొలిచిన అంకెను రైతు నమ్మాడు.

2004లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వరంగల్ జిల్లాలోని మూడు ఊళ్లలో 'ఈ-సాగు' మొదలుపెట్టినప్పుడూ దారి అలాంటిదే. వెయ్యికి పైగా పత్తి చేలను ఊరివాళ్లే ఫొటోలు తీసి పంపితే, నగరంలోని నిపుణులు చూసి ఏ మందు అవసరం, ఏది అక్కర్లేదో రాసి పంపేవాళ్లు. ఫొటో వెళ్లిన చోటునుంచి సలహా తిరిగొచ్చింది. ఇవాళ ఏఈవో, అంటే వ్యవసాయ విస్తరణ అధికారి, తీసుకెళ్లే ఫొటోకు బదులుగా రైతుకు ఏం తిరిగొస్తోంది? కనీసం తన పేరు మీద ఏం నమోదైందో ఒక ప్రింటు చేతికిస్తున్నారా?

ఆ నమోదైనా సరిగా ఉంటుందన్న భరోసా లేదు. 2015లో భూసార కార్డుల పథకం వచ్చినప్పుడు నీటి వసతి ఉన్నచోట రెండున్నర హెక్టార్లకు ఒకటి, వర్షాధారమైతే పది హెక్టార్లకు ఒకటి చొప్పున మట్టి నమూనా తీశారు. పది హెక్టార్లంటే దాదాపు 25 ఎకరాలు. ఎర్ర చెలకలో సాగు చేసేవాడి కార్డు మీద పక్కోడి నల్లరేగడి అంకె పడొచ్చు. సలహాకైతే ఆ పొరపాటును రైతు తన తెలివితో సర్దుకుంటాడు. ఆ కార్డునే యూరియా కోటాకు ముడిపెడితే ఎవరితో చెప్పుకోవాలి? ఇది ఊరికే వచ్చిన భయం కాదు. 2025 ఆగస్టులో యూరియా కోసం చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డ రాష్ట్రం ఇది. డిసెంబరుకల్లా 266 రూపాయల 50 పైసల బస్తాకు బుకింగ్ యాప్ వచ్చింది. స్మార్ట్ ఫోన్ లేని ముసలి రైతు ఊళ్లోని పిల్లలను బతిమాలుకోవాలి.

ఇక ఏఈవోల సంగతి. ఒక్కొక్కరు వేల ఎకరాలు తిరిగి ప్రతి సర్వే నంబరులో నిలబడి ఫొటో తీయాలి. 2024 అక్టోబరులో ఈ భారం మా వల్ల కాదని వాళ్లు అడ్డం తిరిగితే సస్పెన్షన్లు వచ్చాయి. అలా బెదిరించి తెప్పించిన సమాచారం మీద రేపు ఏ రైతుకు ఏం దక్కాలో నిర్ణయిస్తామంటే ఎలా ఒప్పుకోవాలి?

అన్నిటికంటే బాధ కలిగించేది కౌలు రైతు విషయం. రైతు స్వరాజ్య వేదిక 2022లో చేసిన అధ్యయనం ప్రకారం రాష్ట్రంలో సాగుదారుల్లో మూడింట ఒక వంతుకు పైగా కౌలుదారులే. రైతు రిజిస్ట్రీ కట్టింది పట్టా పాస్‌బుక్ మీద. పహాణీలో సాగు చేసేవాడి పేరు రాసే అనుభవదారు కాలమ్‌ను గత ప్రభుత్వపు భూ రికార్డుల పోర్టల్ ధరణితోనే తీసేశారు. ఉపగ్రహం పంటను చూస్తుంది, నాగలి పట్టినవాణ్ణి చూడదు. అందుకని పండించిన పంట పట్టాదారు ఖాతాలో పడుతుంది. కౌలు రైతు అప్పు, చెమట ఏ రిజిస్ట్రీలోనూ ఉండవు. ఎరువు దగ్గర, కొనుగోలు దగ్గర, నష్టపరిహారం దగ్గర ఆ నంబరే అడిగితే అతను ఎవరి నంబరు చెప్పాలి?

చట్టం కాపాడుతుందా అంటే, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలోని ఏడో సెక్షన్ సబ్సిడీలు, ప్రయోజనాలు ఇచ్చే సందర్భాల్లో ప్రభుత్వానికి పెద్ద వెసులుబాటే ఇచ్చింది. ప్రతిసారీ రైతు అనుమతి అడగక్కర్లేదు. 2021లో ఆరు రాష్ట్రాల్లోని వంద ఊళ్ల కోసం మైక్రోసాఫ్ట్‌తో కేంద్రం ఒప్పందం చేసుకున్నప్పుడు, రైతులను అడగకుండా వాళ్ల వివరాలు కంపెనీలకు ఎలా ఇస్తారని పదుల కొద్దీ సంఘాలు లేఖ రాశాయి. మన రాష్ట్రం 2023 ఆగస్టులో హైదరాబాద్‌లో వ్యవసాయ సమాచారాన్ని కంపెనీలతో పంచుకునే వేదిక, వ్యవసాయ డేటా ఎక్స్చేంజ్ ప్రారంభిస్తూ, దేశంలోనే ముందున్నామని చెప్పుకుంటూ ఒక విధాన చట్రం ప్రకటించింది. ఆ చట్రానికి చట్టబలం లేదు. అప్పటి పాలకులు చట్టం చేయలేదు, ఇప్పటివాళ్లూ చేయలేదు. రిజిస్ట్రీకీ రాష్ట్ర పథకాలకూ సంబంధం లేదని నమోదు మొదట్లో అధికారులు నోటిమాటగా చెప్పారు. నోటిమాట ఎన్నాళ్లుంటుందో ఏడు క్వింటాళ్ల దగ్గర చూశాం.

పొలం లెక్క సలహాకు, సాయానికి తప్ప రైతు మీద చర్యకు వాడకూడదని చట్టం చేయండి. తన పేరు మీదున్న ప్రతి అంకె తెలుగులో రైతు వేదికలో చూసుకునే, తప్పుంటే గ్రామసభలో సరిదిద్దించుకునే హక్కు ఇవ్వండి. సాగు చేస్తున్నవాడి పేరుకు ఒక కాలమ్ పెట్టండి. ఏ కంపెనీకి ఏమిచ్చారో గోడ మీద అంటించండి. రైతును గుంటతో సహా పేరుపెట్టి పిలవగల యంత్రం కట్టినవాళ్లకు, ఆ రైతుకు హామీగా ఇవ్వడానికి ఒక్క పేజీ రాయడం చేతకాదంటే మేం నమ్మం. ఆ పేజీ రాసి అసెంబ్లీ ముందు పెట్టండి. అది పెట్టేదాకా మరో ఫొటో కోసం ఏఈవోను పొలానికి పంపకండి.