పాత రీళ్ల కొలువు: తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక

పాత సినిమాలను భద్రపరచడమే వృత్తిగా పెట్టుకుంటామని కొందరు పిల్లలు ఇళ్లలో పట్టుబడుతున్నారట. కొడుకు సినిమాల్లో చేరతానంటే ఏ హీరో పక్కన అని ఆశగా అడిగిన తండ్రి, ఆ కొలువంటే తుప్పు పట్టిన డబ్బా మూత తెరిచి, చేతులకు తొడుగులు వేసుకుని, చుట్టకు చుట్ట అంటుకుపోయిన ఫిల్మును రోజంతా ఓర్పుగా విడదీయడమని తెలిశాక మాట పడిపోయి నిలబడితే ఆయన్ని తప్పు పట్టనక్కరలేదు. ఆయన మౌనానికి తగిన హేతువులు సమకూర్చడమే నా ఉద్దేశం.

ముందుగా మన పెద్దల దూరదృష్టిని గుర్తించాలి. రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో నిర్మించిన తొలి తెలుగు మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ ప్రింటు ఇప్పుడు లేదు. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ, హెచ్.ఎం.రెడ్డి ‘భక్త ప్రహ్లాద’ కూడా లేదు. అయితే ఏమైంది? వెంకయ్య పేరిట పురస్కారం ఉంది. దాన్ని ఇవ్వడానికి గానీ పుచ్చుకోవడానికి గానీ ఆయన సినిమా చూసి ఉండాలన్న నిబంధన ఏదీ లేదు. పైగా కనబడని సినిమాలో నటన తేలిపోయిందని, పద్యం సాగదీశారని ఎవరూ అనలేరు. ఆ రోజుల్లో సినిమా అంటే ఎలా ఉండేదో తెలుసా అని మొదలయ్యే మన సభా ప్రసంగాలన్నీ ఈ ధైర్యంమీదే నడుస్తున్నాయి. సరిగ్గా అప్పుడే వెనక వరుసలోంచి ఒక కుర్రవాడు లేచి, ప్రింటు దొరికిందండీ, వేసి చూద్దామా అన్నాడనుకోండి, వక్త గతి ఏం కాను?

ఫిల్ముకు సైతం బతకాలన్న కోరిక ఉన్నట్టు కనిపించదు. 1950ల ఆరంభం దాకా వాడిన నైట్రేట్ ఫిల్ము ఒకసారి అంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు, ఎందుకంటే మండడానికి కావలసిన ఆక్సిజన్‌ను అదే పుట్టించుకుంటుంది. 2003లో పుణెలో నైట్రేట్ రీళ్ల గిడ్డంగి తగలబడి ఎన్నో పాత చిత్రాలు బూడిదయ్యాయి. నైట్రేట్ తర్వాత వాడుకలోకి వచ్చిన ఎసిటేట్ ఫిల్ము మంటకు లొంగదు గానీ, వేడికీ తేమకూ కుళ్లి వెనిగర్ వాసన కొడుతుంది. ఒక డబ్బాలో మొదలైన ఆ జబ్బు పక్క డబ్బాకూ పాకుతుంది. మద్రాసు ఉక్కపోతలో దీన్ని చల్లటి పొడి గదిలో పెట్టాలనడం ధనవంతుల ఆలోచన. మన వ్యాపారులు ఫిల్మును కరిగించి అందులోని వెండి తీసుకున్నారు, మిగిలిన దానితో గాజులు చేయించారు. థియేటర్లో ఆడని సినిమా కూడా ఆ విధంగా పెట్టుబడిలో కొంత రాబట్టింది.

ఈ మాట వినని వారికి పి.కె.నాయర్ కథ చెప్పాలి. 1964లో పుణెలో వెలసిన జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌లో చేరి, 1991లో పదవీ విరమణ చేసేదాకా ఊళ్లు పట్టుకు తిరిగి డబ్బాలు ఏరుకొచ్చారాయన. ఫాల్కే చిత్రాల్లో మిగిలిన భాగాలు ఆయన చలవే. ఒక్క సినిమా కూడా తీయకుండా సినిమాకే జీవితం అర్పించిన మనిషిని మన పరిశ్రమ ఏ వరుసలో కూర్చోబెట్టాలో తెలియక ఇబ్బంది పడదా?

అంతా డిజిటల్ అయిపోయిందిగా, ఇక బెంగెందుకని అడిగేవారూ ఉన్నారు. డిజిటల్ సినిమాలను దాచే టేపుల్లోని దస్త్రాలను కొన్నేళ్లకొకసారి కొత్త తరం టేపుల్లోకి ఎక్కించకపోతే వాటిని చదివే యంత్రాలే మాయమవుతాయి. అంటే ఈ కొలువుకు అంతం కూడా లేదు.

అయినా పట్టు వీడని పిల్లలుంటే వారికి సరైన దారి మలయాళ మూకీ ‘మార్తాండవర్మ’ చూపించింది. నవల హక్కులు మావంటూ ప్రచురణకర్తలు దావా వేసి 1933లో దాని ప్రదర్శనను ఆపించారు. ప్రింటు వారి చేతికి చిక్కి దశాబ్దాలపాటు మూలన పడి ఉండి, 1974లో భద్రంగా ఆర్కైవ్‌కు చేరింది. హాయిగా ఆడిన సినిమాలు పోయాయి, కోర్టుకెక్కిన సినిమా మిగిలింది. కాబట్టి పిల్లలను రీళ్ల బడికి పంపకుండా లా కాలేజీలో చేర్పించండి. విడుదలైన ప్రతి చిత్రంమీదా తొలి ఆట ముగిసేలోగా ఒక దావా పడాలి. తీర్పు వచ్చేసరికి ఎలాగూ మూడు తరాలు గడుస్తాయి.