సముద్రపు నాచు గారికి, కావలి నుంచి

మహారాజశ్రీ సముద్రపు నాచు గారికి,

కావలి నుంచి మీ పాత పరిచయస్థుడు వ్రాయునది. ఉభయకుశలోపరి.

ముందుగా క్షమాపణ. నిన్నమొన్నటి దాకా మిమ్మల్ని ‘నువ్వు’ అనేవాళ్లం. పేరు కూడా నాచు కాదు, పాచి. వల లాగేటప్పుడు చేపకన్నా ముందు మీరు పైకొస్తే తిట్టని నోరు మా తీరంలో లేదు. పోయిన నెల మా ఊళ్లో ఒక సభ జరిగింది. కుర్చీలకు తెల్ల గుడ్డలు, బల్ల మీద నీళ్ల సీసాలు, తెర మీద మీ నిలువెత్తు ఫొటో. మిమ్మల్ని సముద్రంలో తెప్పలకు కట్టి సాగుచేసి, తొట్లలో కుళ్లబెట్టి, వచ్చిన గ్యాసుతో కరెంటు తీస్తే అణు రియాక్టర్లతో పనే లేదని వక్త ఒకాయన సెలవిచ్చారు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. పక్కవాళ్లు కొడుతుంటే చేతులు ఊరుకోవు కదా. ఇంటికొచ్చాక మీకు ‘గారు’ తగిలించక తప్పలేదు.

ఆ మాట మాకు అంత తియ్యగా ఎందుకు వినబడిందంటే, దాని వెనక ఒక భయం ఉంది. పశ్చిమ బెంగాల్‌లోని హరిపూర్‌వాళ్లు మాకొద్దన్న రష్యా రియాక్టర్లకు బదులు చోటుగా కావలి పేరు కొన్నేళ్ల క్రితం పత్రికలకెక్కింది. 1989 నవంబరులో ‘గే’ తుపాను తీరం దాటింది కూడా మా కావలి దగ్గరే. ఆ రాత్రి పైకప్పు లేచిపోయిన ఇంట్లో మా అమ్మ బియ్యం డబ్బా మీద కూర్చుని తెల్లవార్లూ దాన్ని కాపాడింది. అలాంటి చోట రియాక్టరు అంటే గుండె దడదడలాడదా? 2004 సునామీకి కల్పాక్కం అణు కేంద్రం పంపుహౌసులోకి నీళ్లొచ్చాయి, రియాక్టరును క్షేమంగా ఆపేశారు. ఆగింది కాబట్టి భయం వద్దంటారు ఒకరు, నీళ్లొచ్చాయి కాబట్టి భయపడమంటారు ఇంకొకరు. ఇద్దరూ చెప్పేది ఒకే సంఘటన గురించి!

సభలో వెనక వరుస నుంచి ఒక పడవ యజమాని లేచి, “సార్, తుపాను వస్తే ఈ నాచు తెప్పల్ని ఎవరింట్లో కట్టేసుకోవాలి?” అని అడిగాడు. సాంకేతిక పరిజ్ఞానం శరవేగంగా అభివృద్ధి చెందుతోందని వక్త బదులిచ్చారు. శరవేగం సంగతి నాకు తెలియదు గానీ, తుపాను వేగం మా అమ్మకు తెలుసు.

మీ వంశంలో ఈ ఉద్యోగానికి మీకన్నా ముందు వెళ్లిన వాళ్లున్నారు. 1970లలో చమురు ధర మండిపోతున్నప్పుడు, అమెరికా నౌకాదళంలో పనిచేసే హోవర్డ్ విల్కాక్స్ అనే శాస్త్రవేత్త మీ పెద్దక్క జెయింట్ కెల్ప్‌తో గ్యాసు తీద్దామన్నాడు. 1978లో కాలిఫోర్నియా తీరానికి దూరంగా గొడుగు ఊచల్లాంటి చట్రం ఒకటి దించారు. నడిసముద్రంలో పైనీటికి ఎరువు బలం ఉండదు కదా, అందుకని దాదాపు 450 మీటర్ల లోతు నుంచి చల్లటి నీళ్లు తోడి అక్కగారికి పోశారు. ఇంత మర్యాద చేసినా, అలలకు ఆ చట్రానికే ఒరుసుకుని మొక్కలన్నీ తెగి కొట్టుకుపోయాయి. 1980లలో చమురు ధర దిగింది. దాంతో పథకమూ అటకెక్కింది. మా సభలో తెర మీద ఈ అక్కగారి ఫొటో మాత్రం లేదు.

పెద్దవాళ్ల సంగతి మనకెందుకు, మీ బలమెంతో నేనే చూద్దామనుకున్నాను. జువ్వలదిన్నె వెళ్లి వలలకు చుట్టుకున్న మిమ్మల్ని పది కిలోలు సంచిలో వేసుకొచ్చాను. డబ్బిస్తానంటే వలవాళ్లు నవ్వారు. తీసుకెళ్లినందుకు వాళ్లే టీ ఇప్పించారు. మేడ మీద మడత మంచం నవారుపై పరిచాను. మొదటి రోజు ఈగలు, రెండో రోజు పక్కింటివారు వచ్చారు. మూడో రోజు సాయంత్రానికి మీరు నల్లబడి, గాజుముక్కల్లా చిటచిటలాడుతూ, ఒళ్లంతా తెల్లటి ఉప్పు పూసుకుని ఉన్నారు. తూకం కిలో నూరు గ్రాములు. మిగతాదంతా నీళ్లే. ఇంత నీటిని మోసుకుంటూ విద్యుత్ రంగంలోకి వస్తానన్న మీ ధైర్యానికి మెచ్చుకోవాలి.

ఇక కాగితం తీశాను. తమిళనాడులో మండపం అనే ఊరి దగ్గర మీ చెల్లెలు కప్పాఫైకస్‌ను పెంచుతున్నారు. పన్నెండడుగుల పొడవు, అంతే వెడల్పు ఉన్న వెదురు తెప్పకు 60 కిలోల విత్తనం కడితే 45 రోజుల్లో 260 కిలోల దాకా వస్తుంది. విత్తనం తీసేస్తే 200. ఏడాదికి ఆరు పంటలనుకుందాం. అది కూడా ఒడ్డు అడ్డున్న అక్కడి ప్రశాంత జలాల్లో, మా బరితెగించిన కెరటాల్లో కాదు. పచ్చిది 1,200 కిలోలు, ఎండితే 120. ఉప్పు, బూడిద పోగా మిగిలే సరుకు కిలోకు పావు ఘనపు మీటరు మీథేన్, అంటే ఆ మండే గ్యాసు, ఇస్తే, అది ఇంజనులో కరెంటయ్యేసరికి ఒక తెప్ప ఏడాది శ్రమ 78 యూనిట్లు. మా ముందుగది ఫ్యాను ఆపకుండా తిరిగితే నెలన్నరకు సరిపోదు.

1,000 మెగావాట్ల రియాక్టరు ఒకటి ఏడాదికి సుమారు 745 కోట్ల యూనిట్లు ఇస్తుంది. దాని బదులుకు మీ తెప్పలు 9.5 కోట్లు కావాలి. రాష్ట్రంలో ప్రతి మనిషికీ, నిన్న పుట్టిన పసిబిడ్డతో సహా, దగ్గరదగ్గర రెండేసి. తెప్పకు నాలుగు బొంగులంటే 38 కోట్ల వెదురు బొంగులు నరకాలి. అంచుకు అంచు తగిలించి పరిచినా 1,300 చదరపు కిలోమీటర్ల సముద్రం మూసుకుపోతుంది. పడవలకు దారి కావాలంటే అదనం. మోటారు పడవ ఖర్చు, కోత కూలి, కుళ్లిన గుడ్ల వాసనొచ్చే ఆ గ్యాసును శుభ్రం చేసే ఖర్చు నేనింకా కలపలేదు.

కోపగించుకోకండి, మిమ్మల్ని చిన్నబుచ్చడానికి రాయడం లేదు. చాలా ఐస్‌క్రీములకు చిక్కదనం ఇచ్చేది మీ జిగురే. పొద్దున్నే పాచి పళ్లు తోముకునే పేస్టులోనూ చాలావాటిలో పాచే! 2020లో కేంద్ర ప్రభుత్వ పథకం మత్స్య సంపద యోజన మీ సాగుకే 640 కోట్లు కేటాయించింది. ఆ డబ్బుతో తెప్పలు కట్టుకుని మా పల్లెల ఆడవాళ్లు నాలుగు రాళ్లు వెనకేసుకుంటే నేనే కొబ్బరికాయ కొడతాను. మా రొయ్యల చెరువుల మురుగులోని నత్రజని మీకు పాయసం లాంటిది. కాలువ చివర మిమ్మల్ని కూర్చోబెట్టే ఉపాయం ఎవరైనా చేస్తే ఇంకా మంచిది. అలాంటి మిమ్మల్ని కుళ్లబెట్టి కరెంటు తీయడమంటే గంధపు చెక్కతో కాఫీ కాచుకున్నట్టే.

నా బాధల్లా ఆ చప్పట్ల మీదే. రియాక్టరు వద్దనేవాళ్లకు మీరు దొరికారు, ఇక ఏ లెక్కా అక్కర్లేదు. కావాలనేవాళ్లకూ మీరే దొరికారు, ‘వీళ్ల ప్రత్యామ్నాయం చూశారా, పాచి!’ అని నవ్వుకోవడానికి. ఎవరికి ఎంత కరెంటు కావాలి, అది ఎక్కడ ఖర్చవుతోంది, దానికోసం ప్రతిసారీ తీరమే ఎందుకు చోటివ్వాలి అన్న ప్రశ్న ఇద్దరికీ అడ్డు తగలకుండా తప్పుకుంది. మీరు ఈ పదవికి రాజీనామా చేస్తే ఆ ప్రశ్న మళ్లీ హాల్లోకి వస్తుంది.

ఇది రాస్తుండగానే కరెంటు పోయింది. మీ కిలో నూరు గ్రాములు బల్ల మీదే ఉన్నాయి. నా లెక్క ప్రకారం అందులో తొమ్మిది గంటల ఫ్యాను గాలి ఉంది. ప్రస్తుతానికి మిమ్మల్ని పెట్టిన అట్టముక్క లాక్కుని మా ఆవిడ విసురుకుంటోంది.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి,
కావలి