ఎత్తు కొలుస్తున్నాం, బృహద్ధమనిని కొలవడం లేదు

పదిహేనేళ్లు వచ్చినా అమ్మాయి పెద్దమనిషి కాకపోతే ఇంట్లో కలవరం మొదలవుతుంది. తోటి పిల్లల కంటే పొట్టిగా ఉన్నా 'నానమ్మ పోలిక' అని అంతవరకూ సరిపెట్టుకున్న తల్లిదండ్రులు అప్పుడు గైనకాలజిస్టు దగ్గరకు బయలుదేరతారు. స్కానింగ్‌లో గర్భసంచి చిన్నదిగా ఉందంటారు. హార్మోన్ పరీక్షలు చేయిస్తారు. చివరికి క్రోమోజోముల పరీక్ష రాస్తారు. మన దగ్గర టర్నర్ సిండ్రోమ్ చాలామటుకు ఇలా ఆలస్యంగానే బయటపడుతుంది. ఆ తర్వాత ఇంట్లో చర్చంతా మూడు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది: ఎత్తు పెరుగుతుందా, నెలసరి వస్తుందా, రేపు పెళ్లయితే పిల్లలు పుడతారా? కన్నవాళ్లకు ఈ దిగులు సహజం. కానీ ఆ అమ్మాయి ప్రాణానికి అసలు ముప్పు ఈ మూడింటిలోనూ లేదు. అది గుండెలోనూ, గుండె నుంచి బయలుదేరి ఒళ్లంతటికీ రక్తం మోసే బృహద్ధమనిలోనూ ఉంది. ఆ ముప్పును సకాలంలో పసిగట్టే పరీక్షలు మన ఊళ్లలోనే ఉన్నాయి. అడిగేవాళ్లే తక్కువ.

ఆడవాళ్లలో ఉండాల్సిన రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి పూర్తిగా గానీ కొంత గానీ లేకపోవడమే టర్నర్ సిండ్రోమ్. 1938లో అమెరికాలోని ఓక్లహోమాకు చెందిన హెన్రీ టర్నర్ అనే వైద్యుడు ఈ లక్షణాలున్న ఏడుగురు యువతుల గురించి రాశారు. కారణం క్రోమోజోముల్లో ఉందని 1959లో తేలింది. రెండు వేల నుంచి రెండున్నర వేల మంది ఆడపిల్లల్లో ఒకరికి ఇది ఉంటుంది. అంటే లక్ష మంది ఆడపిల్లలు పుడితే వాళ్లలో నలభై, యాభై మంది. ఇది తల్లి చేసిన తప్పు వల్ల వచ్చేది కాదు, మేనరికం వల్ల వచ్చేదీ కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే రిపోర్టు చేతికి రాగానే మన ఇళ్లలో మొదట నింద పడేది తల్లి మీదే.

గుండె సంగతికి వద్దాం. బృహద్ధమని మొదట్లో ఉండే కవాటానికి మూడు రెక్కలుండాలి. టర్నర్ ఉన్న అమ్మాయిల్లో పదిహేను నుంచి ముప్పై శాతం మందికి రెండే ఉంటాయి. మామూలు జనంలో ఇది ఒకటి రెండు శాతమే. దాదాపు పది మందిలో ఒకరికి బృహద్ధమని ఒకచోట పుట్టుకతోనే సన్నబడి ఉంటుంది. దాన్ని కోఆర్క్‌టేషన్ అంటారు. ఆ ఇరుకుకు పైన, అంటే చేతుల్లో రక్తపోటు ఎక్కువగా, కింద కాళ్లలో తక్కువగా ఉంటుంది. దీన్ని అనుమానించడానికి పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. పాప గజ్జల దగ్గర వేలు పెట్టి నాడి చూస్తే చాలు. చేతి నాడి గట్టిగా కొడుతూ గజ్జల నాడి బలహీనంగా తగిలితే వెంటనే ఎకో, అంటే గుండె స్కాన్ చేయించాలి. పుట్టినప్పుడు పాదాలు, చేతులు ఉబ్బి ఉన్న ఆడపిల్లలోనూ, మెడ పక్కల చర్మం వెడల్పుగా సాగి ఉన్న పాపలోనూ ఈ గుండె లోపాలు ఇంకా ఎక్కువగా కనిపిస్తాయి. తల్లి గర్భంలో శోషరస (లింఫ్) ప్రవాహానికి అడ్డు ఏర్పడడమే ఈ రెండింటికీ మూలమని చాలామంది పరిశోధకులు భావిస్తున్నారు. ఆడపిల్లకు కోఆర్క్‌టేషన్ కనబడితే క్రోమోజోమ్ పరీక్ష కూడా చేయాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. గుండె ఆపరేషన్ జరిగిన పాపకు ఈ పరీక్ష చేయకుండా వదిలేస్తే, పొట్టిగా ఉండడానికి కారణం తెలియడానికి మరో పదేళ్లు పట్టవచ్చు.

కవాటం, ఇరుకు మాత్రమే అయితే ఈ వ్యాసం రాయవలసిన అవసరం ఉండేది కాదు. చిన్నప్పుడు చేసిన ఎకోలో ఏ లోపమూ కనబడని అమ్మాయికి కూడా పెద్దయ్యాక బృహద్ధమని వెడల్పవుతూ, ఒక రోజు దాని గోడ పొరలు విడిపోయి చీలిపోవచ్చు. డెన్మార్క్ రోగుల రికార్డుల ఆధారంగా 2006లో వెలువడిన అధ్యయనం ప్రకారం టర్నర్ ఉన్న స్త్రీలలో ఏడాదికి లక్షకు సుమారు 36 మందికి ఇలా జరుగుతోంది. సాధారణ జనంలో ఈ సంఖ్య ఆరు. వయసు సంగతి ఇంకా బాధాకరం. మామూలుగా బృహద్ధమని చీలడం అరవై, డెబ్బై ఏళ్లవారికి వచ్చే జబ్బు. వీళ్లకు ముప్పైల్లోనే వస్తోంది, కొందరికి ఇరవై ఏళ్లు నిండకముందే వచ్చింది. చదువు ముగించి ఉద్యోగంలో చేరే వయసది.

మరి ఎకో చేయిస్తూనే ఉన్నారు కదా, ఎలా తప్పిపోతోంది? నా దృష్టిలో అసలు చిక్కు కొలతలోనే ఉంది. ఒక ఉదాహరణ చూద్దాం. ఇరవై ఆరేళ్ల యువతి, ఎత్తు 140 సెంటీమీటర్లు, బరువు 45 కిలోలు. ఆమె బృహద్ధమని మొదటి భాగం 3.4 సెంటీమీటర్లు ఉందని ఎకో రిపోర్టులో వచ్చింది. మామూలు పెద్దవాళ్ల కొలతలతో చూస్తే అది సాధారణమే, మహా అయితే 'కొంచెం వెడల్పు'. ఆపరేషన్ గురించి ఆలోచించే 5.5 సెంటీమీటర్ల గీతకు అది చాలా దూరం. రిపోర్టు ఫైల్లోకి పోతుంది. కానీ ఆ ఎత్తు, బరువులతో ఆమె శరీర ఉపరితలం లెక్కకడితే 1.32 చదరపు మీటర్లు వస్తుంది. 3.4ను 1.32తో భాగిస్తే 2.5 దాటుతుంది. టర్నర్ స్త్రీల విషయంలో ఈ భాగఫలం 2 దాటితే జాగ్రత్తపడాలి, 2.5 దాటితే చీలిక ముప్పు బాగా ఎక్కువ. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో బృహద్ధమని చీలిన ముగ్గురు స్త్రీలకూ ఈ సూచిక 2.5 పైనే ఉంది. వాళ్లలో ఒకరి బృహద్ధమని వెడల్పు 3.7 సెంటీమీటర్లే. ఒకే కొలతతో కుట్టిన జాకెట్టు అందరికీ పట్టదని ప్రతి దర్జీకీ తెలుసు. ఎకో గదిలో మాత్రం ఐదున్నర అడుగుల మనిషి కొలతనే నాలుగున్నర అడుగుల అమ్మాయికీ వాడుతున్నాం.

ఈ లెక్కకు అదనపు ఖర్చేమీ లేదు. ఎకో చేసేవారు ఎత్తు, బరువు అడిగి నమోదు చేసుకుంటే చాలు. పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఈ సూచిక సరిగా పనిచేయదు. వారికి టర్నర్ పిల్లల కోసమే తయారైన జడ్-స్కోర్లు, అంటే ఆ శరీర పరిమాణానికి సగటు నుంచి కొలత ఎంత దూరంలో ఉందో చెప్పే లెక్కలు ఉన్నాయి. 2016లో సిన్సినాటిలో జరిగిన సమావేశం తర్వాత 2017లో వెలువడిన మార్గదర్శకాలు, 2024లో వచ్చిన వాటి కొత్త రూపం ఈ విషయం స్పష్టంగానే చెప్పాయి. నిర్ధారణ అయిన రోజే ఎకో చేయాలి, మత్తు ఇవ్వకుండా కదలకుండా పడుకోగల వయసు రాగానే ఎమ్మారై తీయాలి, ఏ లోపమూ లేకపోయినా కొన్నేళ్లకొకసారి మళ్లీ చూడాలి. ఎమ్మారై ఎందుకంటే, బృహద్ధమని వంపు తిరిగేచోట ఉండే లోపాలూ, ఊపిరితిత్తుల నుంచి వచ్చే సిరలు తప్పుగా కలవడమూ ఎకోలో తరచుగా కనబడవు. 'పాపకు ఐదేళ్లప్పుడు చేయించాం, బాగానే ఉందన్నారు' అన్న మాట ఆమెకు ఇరవై ఐదేళ్లు వచ్చాక ధైర్యం ఇవ్వకూడదు.

రక్తపోటు గురించి ఇంకా నిర్లక్ష్యం ఉంది. టర్నర్ ఉన్న కౌమార బాలికల్లో దాదాపు పావు వంతు మందికి, పెద్దయ్యాక సగం మందికి అధిక రక్తపోటు ఉంటుంది. పద్నాలుగేళ్ల పిల్లకు బీపీ చూడాలని మనలో ఎందరికి తోస్తుంది? బృహద్ధమని గోడ మీద ప్రతి గుండె చప్పుడుకూ పడే ఒత్తిడిని తగ్గించగల మందులు చవకగా దొరుకుతాయి. ఏడాదికి ఒకసారైనా బీపీ చూడడం, ఎక్కువగా ఉంటే మందు వాడడం, ఈ రెండూ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం స్థాయిలోనే సాధ్యం.

నొప్పి వచ్చిన రోజు జరిగేది తలచుకుంటే నాకు భయమేస్తుంది. ఛాతీలోనో, రెండు భుజాల మధ్య వీపులోనో ఉన్నట్టుండి చీల్చినట్టు నొప్పి వస్తుంది. ఆడపిల్ల, వయసు పాతిక, సన్నగా పొట్టిగా ఉంది. గుండె జబ్బుకు ఆమె పోలికే సరిపోదు. ఇంట్లో వాము నీళ్లు ఇస్తారు, దగ్గరి ఆసుపత్రిలో గ్యాస్ అని ఇంజెక్షన్ చేస్తారు, ఈసీజీ మామూలుగా ఉందని పంపేస్తారు. బృహద్ధమని మొదటి భాగం చీలినప్పుడు, చికిత్స అందకపోతే తొలి రెండు రోజుల్లో గడిచే ప్రతి గంటకూ మరణించే ముప్పు ఒకటి రెండు శాతం చొప్పున పెరుగుతుంది. దాన్ని నిర్ధారించాలంటే సీటీ యాంజియో తీయాలి. టర్నర్ ఉన్న ప్రతి యువతి పర్సులో 'నాకు టర్నర్ సిండ్రోమ్ ఉంది, ఛాతీ నొప్పి వస్తే బృహద్ధమని చీలిక కాదని తేల్చుకోండి' అన్న చీటీ ఒకటి ఉండాలి. తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి, ఆమె చివరి కొలత కూడా అందులో ఉంచాలి. తల్లిదండ్రులకు, పెళ్లయితే భర్తకు కూడా అది తెలిసి ఉండాలి.

మన ప్రాంతానికి బాగా వర్తించే సంగతి ఇంకొకటి ఉంది. విరేచనాలయినా, జ్వరం వచ్చినా మందుల షాపుకెళ్లి సిప్రోఫ్లాక్సాసినో, ఆఫ్లాక్సాసినో అడిగి తెచ్చుకోవడం మన ఊళ్లలో మామూలే. ఈ ఫ్లోరోక్వినలోన్ మందులు బృహద్ధమని ఉబ్బు ఉన్నవారికీ, అధిక రక్తపోటు, కొన్ని జన్యు లోపాల వంటి కారణాలతో ఆ ముప్పు ఉన్నవారికీ చీలిక ప్రమాదాన్ని పెంచవచ్చని, వేరే మందు ఉంటే వీటిని వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018 డిసెంబరులో హెచ్చరించింది. టర్నర్ ఉన్న అమ్మాయి ఇంట్లో ఈ మాట గుర్తుండాలి.

ప్రభుత్వ వ్యవస్థ లేదా అంటే ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలలకు ఒకసారి వెళ్లి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను పరీక్షించాలి. వారి జాబితాలో డౌన్ సిండ్రోమ్ ఉంది, పుట్టుకతో వచ్చే గుండె లోపాలున్నాయి. వయసుకు తగ్గ ఎత్తు లేని ఆడపిల్ల కనబడితే గజ్జల నాడి, బీపీ చూసి క్రోమోజోమ్ పరీక్షకు పంపాలన్న ఒక్క వాక్యం ఆ బృందాల సూచనల్లో చేరిస్తే, పదిహేనేళ్లకు తెలిసేది ఆరేడేళ్లకే తెలుస్తుంది. గ్రోత్ హార్మోన్ ఫలితమిచ్చే వయసు కూడా అదే. 2007లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎందరో పేద పిల్లల గుండె ఆపరేషన్ల భారం మోసింది. కానీ ఆపరేషన్‌కు ముందు ఏళ్ల తరబడి జరగాల్సిన కొలతలకు అలాంటి ఏర్పాటు లేదు. పద్దెనిమిది నిండగానే పిల్లల డాక్టరు చేయి వదులుతారు, పెద్దల విభాగంలో అందుకునేవారు ఉండరు. చీలిక ముప్పు పెరిగే ఏళ్లు సరిగ్గా అవే. బోధనాసుపత్రుల్లో హార్మోన్ల నిపుణుడూ గుండె నిపుణుడూ కలిసి నెలకొక రోజు ఈ అమ్మాయిలను చూస్తే ఈ ఖాళీ చాలావరకు పూడుతుంది.

ఇక గర్భం. టర్నర్ ఉన్న చాలామంది స్త్రీలలో అండాశయాలు పనిచేయవు, కానీ గర్భసంచి ఉంటుంది. కాబట్టి దాత అండంతో ఐవీఎఫ్ సాధ్యం. ఇక్కడే నాకు ఎక్కువ ఆందోళన. గర్భం దాల్చినప్పుడు రక్త పరిమాణం పెరుగుతుంది, బృహద్ధమని మీద భారం పెరుగుతుంది. ఆఖరి నెలల్లోనూ, కాన్పయిన తర్వాతి రోజుల్లోనూ చీలిక జరగవచ్చు. అమెరికాలో 2003లో వెలువడిన సర్వే, దాత అండంతో గర్భం దాల్చిన టర్నర్ స్త్రీలలో తల్లి మరణించే ముప్పు రెండు శాతం దాకా ఉండవచ్చని అంచనా వేసింది. చికిత్సకు ముందు గుండె పరీక్ష జరిగింది వాళ్లలో దాదాపు సగం మందికే. ముందే పరీక్షించి, ముప్పున్నవారిని ఆపి, మిగిలినవారిని కాన్పు దాటేవరకూ వరసగా చూసుకుంటే ముప్పు తగ్గుతుంది. సూచిక 2.5 దాటితే గర్భం వద్దనీ, 2 దాటి రెండు రెక్కల కవాటం, అధిక రక్తపోటు వంటివి తోడైనా వద్దనీ 2017 మార్గదర్శకాలు చెప్పాయి. పెళ్లయి రెండేళ్లు తిరగకముందే అత్తవారింటి ఒత్తిడితో ఐవీఎఫ్ కేంద్రానికి వచ్చే అమ్మాయికి ఈ మాట చెప్పవలసింది ఆ కేంద్రమే. ఎమ్మారై, గుండె నిపుణుడి లిఖిత అభిప్రాయం లేకుండా టర్నర్ ఉన్న స్త్రీకి పిండ బదిలీ చేయరాదని సంతాన సాఫల్య చికిత్సలను నియంత్రించే 2021 నాటి ఏఆర్‌టీ చట్టం కింద నిబంధన తేవాలి.

గర్భం ప్రమాదకరమని తేలిన దంపతులకు సరోగసీ దారి ఉంది. ప్రాణాపాయం కలిగించే గర్భాన్ని సరోగసీ నియమాలు వైద్య కారణంగా గుర్తిస్తున్నాయి. 2023 మార్చిలో కేంద్రం సరోగసీలో దాత అండాలను నిషేధించడంతో ఈ దారి మూసుకుపోయింది. గర్భాశయ లోపమున్న ఒక మహిళ వేసిన కేసులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకున్నాక, 2024 ఫిబ్రవరిలో నియమం మారింది. జిల్లా మెడికల్ బోర్డు ధ్రువీకరిస్తే ఒకరి బీజకణం దాతదైనా ఫరవాలేదు. అయితే వితంతువులకు, విడాకులు తీసుకున్నవారికి ఈ సడలింపు లేదు, వారు సొంత అండమే వాడాలి. అండాలే లేని స్త్రీకి ఈ షరతు పూర్తి నిషేధంతో సమానం. బిడ్డలు పుట్టరన్న కారణంతో విడాకులు పొందిన టర్నర్ మహిళలు వీరిలో ఉంటారు. దత్తత చట్టం తల్లికీ బిడ్డకూ జన్యుబంధం ఉందా అని అడగదు. వైద్య బోర్డు ధ్రువీకరించిన స్త్రీల విషయంలో సరోగసీ నియమం కూడా దాన్ని అడగకుండా కేంద్రం మరోసారి సవరణ తేవాలి.